తొలి కాన్పునకు, మలి కాన్పునకు నడుమ

ఆడపిల్లకు 18 ఏండ్లు నిండకముందు వివాహము చేయుట 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టము ప్రకారము నేరము. అయినను ఈ దురాచారము మన పల్లెలను పూర్తిగా వీడిపోలేదు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లోని 20 నుండి 24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి 18 ఏండ్లు నిండకమునుపే పెండ్లి అయినట్లు తేలినది. 15 నుండి 19 ఏండ్ల వారిలో నూటికి సుమారు 13 మంది అప్పటికే తల్లులై గాని, గర్భవతులై గాని ఉండిరి.

ఇట్టి వివాహములను ఆపుట పంచాయతీ మొదటి విధి. కాని ఇప్పటికే బిడ్డను కన్న చిన్నతల్లి మాట యేమి? ఆమె విషయమున పంచాయతీ సభ్యులు చేయదగిన మేలు కొంత కలదు. దానినే ఇచట వివరింపదలచినాము.

ఎడము ఎందులకు?

పదహారు, పదునేడేండ్ల తల్లి శరీరము ఇంకను ఎదుగుచునే యుండును. పెరుగుటకు కావలసిన సత్తువను గర్భమునకును, చనుబాలకును పంచియిచ్చి ఆమె నీరసించును. రక్తహీనత తోడైనచో చెప్పనక్కరలేదు. తేరుకొనకముందే మరల గర్భము వచ్చినచో తల్లికి ప్రమాదము. పుట్టబోవు బిడ్డ నెలలు నిండకయో, బరువు తక్కువగనో పుట్టవచ్చును. చంకలోని బిడ్డకు పాలు కరవగును. కాన్పు అయిన తరువాత కనీసము 24 నెలలు గడచినగాని మరల గర్భము ధరించుట మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అనగా కాన్పునకు, కాన్పునకు నడుమ సుమారు మూడేండ్ల ఎడము ఉండవలెను.

అసలు చిక్కు

కుటుంబ నియంత్రణ అనగానే మన పల్లెలలో ఆపరేషనే గుర్తునకు వచ్చును. పై సర్వే ప్రకారము మన రాష్ట్రమున వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషను చేయించుకొన్నవారే. ఇద్దరు బిడ్డలను వెంటవెంటనే కని, ఆపరేషనుతో ముగించుట మేలను తలంపు బలముగా నున్నది. కాని ప్రభుత్వ నిబంధనల ననుసరించి ఆపరేషను చేయించుకొను స్త్రీకి కనీసము 22 ఏండ్లు నిండి యుండవలెను. అందుచేత ఆపరేషను తప్ప వేరొక దారి తెలియని పల్లెలో, ఆ ఆపరేషను తగని చిన్నతల్లికి ఏ దారియు లేనట్లగుచున్నది. నిజమునకు ఆమెకు దారులు పెక్కు గలవు. ఇవి యన్నియు తాత్కాలికములే. మానినచో మరల బిడ్డలు కలుగుదురు.

ఏయే పద్ధతులు గలవు?

చనుబాలు: పాలిచ్చునంత కాలము కడుపు రాదని పెద్దలందురు. ఇందు నిజము కొంతయే. బిడ్డకు ఆరు నెలలు నిండకుండుట, రాత్రింబగళ్లు తల్లిపాలు తప్ప మరేమియు పట్టకుండుట, తల్లికి బహిష్టు మొదలు కాకుండుట, ఈ మూడును కూడినపుడే పాలు రక్షణ నిచ్చును. ఒక్కటి తప్పినను వేరు పద్ధతి కావలెను. బహిష్టు కనబడకమునుపే గర్భము నిలువవచ్చునని మరువరాదు.

కాపర్ టి: కాన్పు అయిన 48 గంటలలోగా ఆసుపత్రిలోనే అమర్చవచ్చును, లేనిచో ఆరు వారముల తరువాత. రకమును బట్టి 5 లేక 10 ఏండ్లు పనిచేయును. కావలసినప్పుడు తీయించుకొనవచ్చును. పాలకు హాని లేదు. తొలి నెలలలో బహిష్టు కొంత ఎక్కువ కావచ్చును గనుక రక్తహీనత గలవారు వైద్యునితో ముందుగా మాటలాడవలెను.

ఛాయ మాత్రలు: వీనిలో హార్మోనులు లేవు, పాలిచ్చు తల్లులు వాడవచ్చును. మొదటి మూడు నెలలు వారమునకు రెండుసార్లు, పిదప వారమునకు ఒకసారి వేసికొనవలెను. ఆదివారము మొదలిడినచో బుధవారము రెండవది. మూడు నెలల పిదప ఆదివారము మాత్రమే.

అంతర సూదిమందు: మూడు నెలల కొకసారి. పాలిచ్చు తల్లికి కాన్పైన ఆరు వారముల తరువాత మొదలిడుదురు. బహిష్టు క్రమము తప్పవచ్చును. మానిన తరువాత గర్భము నిలుచుటకు కొన్ని నెలలు ఆలస్యము కావచ్చును. ఎముకల ఎదుగుదల దృష్ట్యా 18 ఏండ్లలోపు వారికి వైద్యుడు ఆలోచించి ఇయ్యవలెను.

మాలా-ఎన్ మాత్రలు: ప్రతిదినము వేసికొనవలసినవి. పాలిచ్చు తల్లి బిడ్డకు ఆరు నెలలు నిండువరకు వీనిని వాడరాదు.

నిరోధ్: భర్త వాడదగినది. సుఖవ్యాధులనుండి కూడ రక్షణ నిచ్చునది ఇది యొక్కటే.

పుట్టింటికి, అత్తింటికి నడుమ

తొలి కాన్పు పుట్టింట జరుగుట మన ఆచారము. మూడవ నెలలోనో, ఐదవ నెలలోనో బాలింత బిడ్డతో అత్తవారింటికి వచ్చును. పుట్టినూరి ఆశా కార్యకర్త ఆమె వెళ్లిపోయినదని ఊరకుండును. అత్తవారి ఊరి కార్యకర్తకు ఆమె వచ్చిన సంగతియే తెలియదు. రక్షణ మిక్కిలి కావలసిన నెలలలోనే ఆ చిన్నతల్లి ఎవరి లెక్కలోను లేకుండ పోవును.

పంచాయతీ ఏమి చేయవలెను?

కాన్పునకు ముందే, ఏడవ నెలలోపున, ఏ.ఎన్.ఎం. ఆ గర్భిణితో ఈ పద్ధతులన్నియు చెప్పునట్లు చూడవలెను. నొప్పులు పడుచున్న వేళ అడుగుట అడుగుట కాదు. పుట్టింటికి పోవునపుడును, తిరిగివచ్చునపుడును రెండు ఊళ్ల ఆశా కార్యకర్తలు ఫోనులో ఒకరికొకరు తెలుపుకొను ఏర్పాటు చేయింపవలెను. మాత్రలు, నిరోధ్ నిలువ ఉన్నవో లేవో నెలనెల జరుగు ఆరోగ్య, పోషకాహార దినమున విచారింపవలెను. పురుష సభ్యులు భర్తతోను, స్త్రీ సభ్యులు అత్తగారితోను మాటలాడినచో సగము పని నెరవేరును.

చట్టభయముచే గర్భమును దాచు కుటుంబములు కలవు. చట్టము తన పని తాను చేయును. వైద్యము మాత్రము ఆగరాదని వారికి నచ్చచెప్పవలెను. ఆ తల్లి పేరు సభలలో ఎత్తరాదు.

తుదకు ఒక్క మాట. ఏ పద్ధతి కావలెనో నిర్ణయించు హక్కు ఆ తల్లిది. ఆమెకు చెప్పకుండ కాపర్ టి అమర్చుటయు, అడిగినను పెద్దలు వలదనుటయు రెండును అన్యాయములే. పెండ్లి విషయమున ఆమె మాటను ఎవరును అడిగి యుండరు. రెండవ బిడ్డ విషయముననైన ఆమె మాట చెల్లునట్లు చూచుట మన కర్తవ్యము.