హిగిన్‌బాథమ్ వారి ఇంటిపేరు

మా తరం వాళ్ళకి హిగిన్‌బాథమ్స్ అంటే రైల్వే ప్లాట్‌ఫారం మీద పుస్తకాల కొట్టు. చందమామ కొనిపెట్టమని నేను నాన్నగారి చెయ్యి పట్టుకుని లాగిన కొట్టు అదే. కాలేజీకొచ్చి ఇంగ్లీషు కాస్త వంటబట్టాక, ఆ పేరులో దాగిన ‘బాటమ్’ కనిపెట్టి హాస్టల్లో తెగ నవ్వుకున్నాం. బొడ్డు వారి అబ్బాయి ఒక్కడే నవ్వలేదు. వాడి ఇంటిపేరుతో అంతకుముందే చాలాసార్లు ఆడుకున్నాం మరి.

ఆ కొట్టును 1844లో మద్రాసులో పెట్టినవాడు ఏబెల్ జాషువా హిగిన్‌బాథమ్. ఇంగ్లండులో ఈ ఇంటిపేరు అరుదు. లాంకషైర్‌లో, బోల్టన్ దగ్గరున్న ఓకెన్‌బాటమ్ అనే చోటునుంచి వచ్చిందని పండితుల మాట. పాత ఇంగ్లీషులో ‘బాటమ్’ అంటే లోయలోని పల్లపు నేల. ఓకెన్‌బాటమ్ అంటే ఓక్ చెట్ల పల్లం, అంతే! మన కందుకూరి వారికీ, కొండపల్లి వారికీ ఊరిపేరే ఇంటిపేరైనట్టు, వీళ్ళకీ 13, 14 శతాబ్దాల్లో చోటుపేరు అంటుకుంది. రిచర్డ్‌కి ‘హిగిన్’ అన్న ముద్దుపేరు అలవాటే కనుక, జనం నోళ్ళలో ‘ఓకెన్’ కాస్తా ‘హిగిన్’ అయి ఉంటుంది.

మరి మేం నవ్విన అర్థమో? అది ఆ మాటకి వచ్చింది 18వ శతాబ్దం చివర్లో. అంటే పేరు పుట్టిన నాలుగైదు వందల ఏళ్ళకి!

1881 జనాభా లెక్కల్లో చూస్తే ఈ పేరువాళ్ళు ఎక్కువగా లాంకషైర్, చెషైర్, డెర్బీషైర్‌లలోనే కనిపిస్తారు. పెన్నైన్ కొండల పడమటి వాలు అది. లోతైన లోయలున్న చోట లోయపేర్లు కాక ఇంకేముంటాయి? రామ్స్‌బాటమ్, షఫుల్‌బాటమ్, సైడ్‌బాటమ్ వాళ్ళూ ఆ చుట్టుపక్కలవాళ్ళే. చెషైర్‌లో పుట్టిన ఇయాన్ బాథమ్ పేరుకీ మూలం ఆ పల్లమే. 1980లో బొంబాయి టెస్టులో సెంచరీ కొట్టి, 13 వికెట్లు తీసి మనవాళ్ళని ఏడిపించాడు గనక, ఆ పేరు విని ఎవరూ నవ్వలేదు.

‘బాటమ్’, ‘బాథమ్’ రెండూ పాత రూపాలే. 1910లో అలహాబాదులో వ్యవసాయ విద్యాసంస్థ స్థాపించిన శామ్ హిగిన్‌బాటమ్ 1874లో మాంచెస్టర్‌లో పుట్టినవాడు. ఆయన ‘బాటమ్’ అనే రాసుకున్నాడు. ఇప్పుడక్కడి విశ్వవిద్యాలయానికి ఆ పేరే ఉంది.

ఇంత దూరం వెళ్ళి ఎక్కడో బోల్టన్ లోయ సంగతి తెలుసుకున్నాను గానీ, బొడ్డు వారికి ఆ పేరెలా వచ్చిందో పక్క మంచం మీదివాణ్ణి ఒక్కసారీ అడగలేదు.