డిస్నీ వరల్డ్ మల్టీ డే టికెట్: అపోహలు – వాస్తవాలు

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, ఓర్లాండో నగరానికి దగ్గర్లో ఉన్న వాల్ట్ డిస్నీ వరల్డ్ 1971 అక్టోబర్ 1న మొదలైంది. దాదాపు 25 వేల ఎకరాల ఆ ప్రాంగణంలో ఇప్పుడు నాలుగు థీమ్ పార్కులున్నాయి: మేజిక్ కింగ్‌డమ్ (1971), ఎప్‌కాట్ (1982), హాలీవుడ్ స్టూడియోస్ (1989), యానిమల్ కింగ్‌డమ్ (1998). ఇవి కాక రెండు వాటర్ పార్కులు. ఒక్కో థీమ్ పార్కు చూడటానికి ఒక పూట చాలదు. అందుకే కుటుంబంతో వెళ్లేవాళ్లు ఎక్కువగా మల్టీ డే టికెట్ కొంటారు. ఒక రోజు నుంచి పది రోజుల దాకా టికెట్లు అమ్మకంలో ఉంటాయి.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు పిల్లల సెలవులకో, ఇండియా నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు వచ్చినప్పుడో ఈ ప్రయాణం పెట్టుకుంటాయి. ఇంటిల్లిపాదీ బయల్దేరితే టికెట్ల ఖర్చు చిన్నదేమీ కాదు. అయినా చాలామంది ఎవరో చెప్పిన మాట పట్టుకునే టికెట్ కొనేస్తారు. ఆ మాటల్లో కొన్ని ఎప్పుడో రద్దయిన నియమాలు, కొన్ని వేరే పార్కులకు చెందినవి, మరికొన్ని సగంలో ఆపేసిన లెక్కలు.

అపోహ 1: ఎన్ని ఎక్కువ రోజులకు కొంటే అంత లాభం

వాస్తవం: రోజులు పెరిగేకొద్దీ రోజుకు పడే సగటు ధర తగ్గుతుంది. ఇది నిజమే. కానీ తగ్గేది సగటు మాత్రమే, చెల్లించే మొత్తం పెరుగుతూనే ఉంటుంది. లెక్క కోసం మూడు రోజుల టికెట్ 450 డాలర్లు, ఐదు రోజులది 600 డాలర్లు అనుకుందాం. సగటు 150 నుంచి 120కి దిగింది. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. అయితే ఆరుగురున్న కుటుంబం అదనంగా 900 డాలర్లు కట్టాలి. దాని మీద 6.5 శాతం సేల్స్ ట్యాక్స్ ఉంటుంది. ఇండియాలో ఎమ్మార్పీలోనే పన్ను కలిసి ఉంటుంది. ఇక్కడ డిస్నీ టికెట్ల క్యాలెండర్‌లో కనిపించే ధరకు పన్ను తర్వాత కలుస్తుంది. రెండు రోజుల గది అద్దె, తిండి, పార్కింగ్ వేరే.

సరైన పోలిక సగటుతో కాదు, ఒక్కో రోజు చేర్చినప్పుడు అదనంగా ఎంత పడుతుందన్న దానితో. మూడు నుంచి నాలుగుకు వెళ్తే ఎంత, నాలుగు నుంచి ఐదుకు వెళ్తే ఎంత అని విడివిడిగా చూడాలి. నాలుగు పార్కులూ చూడాలనుకునే కుటుంబానికి నాలుగో రోజు మీద పెట్టే డబ్బుకు విలువ ఉంటుంది. కాళ్లు లాగి అందరూ గదిలోనే ఉండిపోయే ఐదో రోజు, సగటు ఎంత తగ్గినా నష్టమే.

అపోహ 2: టికెట్ ధర ఏడాదంతా ఒకటే

వాస్తవం: 2018 అక్టోబర్ నుంచి డిస్నీ వరల్డ్ టికెట్ ధర ప్రయాణం మొదలయ్యే తేదీని బట్టి మారుతోంది. 2022 డిసెంబర్ నుంచి ఒక్క రోజు టికెట్ ధర ఏ పార్కుకు వెళ్తున్నారన్న దాన్ని బట్టి కూడా మారుతోంది. క్రిస్మస్, కొత్త సంవత్సరం మధ్య వారం, మార్చి, ఏప్రిల్ నెలల్లోని స్ప్రింగ్ బ్రేక్, థ్యాంక్స్‌గివింగ్ వారం బాగా ఖరీదైనవి. ఆగస్టు చివర, సెప్టెంబర్‌లో ధరలు తగ్గుతాయి.

ఈ తేడాను వాడుకోవడం అందరికీ ఒకేలా వీలుపడదు. ఫ్లోరిడాలో బళ్లు ఆగస్టు రెండో వారం ప్రాంతంలోనే తెరుస్తారు. టెక్సాస్‌లోనూ ఆగస్టు మధ్యకల్లా పిల్లలు బడిలో ఉంటారు. న్యూజెర్సీలో మాత్రం చాలాచోట్ల సెప్టెంబర్ మొదట్లో లేబర్ డే దాటాకే బడి మొదలవుతుంది. కాబట్టి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండే కుటుంబానికి ఆగస్టు ఆఖరి వారం చవకగా దొరికే అవకాశం, డాలస్‌లో ఉండే కుటుంబానికి ఆ వారం బడి వారం. ఎండ, మధ్యాహ్నం ఉరుములతో పడే వాన మాత్రం ఆ రోజుల్లో తప్పవు. టికెట్ కొనేముందు ప్రయాణం నాలుగైదు రోజులు అటూ ఇటూ జరిపి క్యాలెండర్‌లో ధర చూడటం మంచిది.

అపోహ 3: టికెట్‌ను వరుస రోజుల్లోనే వాడాలి, లేదా ఎప్పుడైనా వాడుకోవచ్చు

వాస్తవం: ఒకదానికొకటి విరుద్ధమైన ఈ రెండు మాటలూ తప్పే. మల్టీ డే టికెట్‌కు ఎంచుకున్న తేదీ నుంచి ఒక గడువు ఉంటుంది. రెండు రోజుల టికెట్‌కు 4 రోజులు, మూడుకు 5, నాలుగుకు 7, ఐదుకు 8, పది రోజుల టికెట్‌కు 14 రోజులు. ఆ గడువులో ఏ రోజులు వాడాలన్నది కుటుంబం ఇష్టం.

పెద్దవాళ్లతో, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకు ఈ వెసులుబాటు చాలా ముఖ్యం. నాలుగు రోజుల టికెట్‌ను సోమ, మంగళవారాలు వాడి, బుధవారం విశ్రాంతి తీసుకుని, గురు, శనివారాలు వాడుకోవచ్చు. రోజంతా నడక, క్యూల్లో నిలబడటం, ఫ్లోరిడా ఉక్కపోత కలిస్తే మోకాళ్ల నొప్పులున్న తాతయ్య మూడో రోజుకే డీలా పడతారు. మధ్యలో వచ్చే ఆ ఖాళీ రోజుకు అదనపు టికెట్ ఖర్చేమీ లేదు.

‘ఎప్పుడైనా వాడుకోవచ్చు’ అన్న మాటకు పూర్వం ఆధారం ఉండేది. అదనంగా డబ్బు కడితే గడువు లేని టికెట్ ఇచ్చేవారు. 2015లో ఆ అమ్మకం ఆపేశారు. ఇప్పటి టికెట్‌కు డబ్బు వెనక్కి రాదు. అసలు ఒక్క రోజూ వాడని టికెట్ గడువు దాటితే, దానికి కట్టిన మొత్తాన్ని కొత్త టికెట్ ధరలో సర్దుబాటు చేస్తారు. కొన్ని రోజులు వాడి, మిగిల్చిన రోజులు మాత్రం పోయినట్టే.

కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్ నియమాలు వేరు. అక్కడ మల్టీ డే టికెట్ మొదటిసారి వాడిన రోజు నుంచి 13 రోజుల గడువు లెక్కిస్తారు. అక్కడికి వెళ్లొచ్చిన బంధువులు చెప్పిన లెక్క ఓర్లాండోకు పనికిరాదు.

అపోహ 4: పిల్లలకు సగం టికెట్, వయసు మళ్లినవాళ్లకు రాయితీ

వాస్తవం: మూడేళ్లు నిండని పిల్లలకు టికెట్ అక్కర్లేదు. 3 నుంచి 9 ఏళ్ల వరకు పిల్లల టికెట్. పదేళ్లు నిండాయంటే పెద్దల ధరే. పిల్లల టికెట్ పెద్దలదాని కంటే కొద్దిగానే తక్కువ. ఆర్టీసీ బస్సుల్లోని అర టికెట్ అలవాటుతో లెక్కవేస్తే బడ్జెట్ తప్పుతుంది. 65 ఏళ్లు దాటినవాళ్లకు సీనియర్ సిటిజన్ రాయితీ లేదు. రైడ్లు ఎక్కకుండా బెంచీ మీద కూర్చునే అమ్మమ్మకు కూడా పూర్తి టికెట్ కొనాల్సిందే.

ఇండియాలో కొన్ని అమ్యూజ్‌మెంట్ పార్కుల్లో ఎత్తును బట్టి పిల్లల టికెట్ ఇస్తారు. డిస్నీలో టికెట్‌కు వయసు, రైడ్‌కు ఎత్తు కొలమానం. ట్రాన్ రైడ్ ఎక్కాలంటే 122 సెంటీమీటర్లు, స్పేస్ మౌంటెన్, ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్‌లకు 112, స్లింకీ డాగ్ డ్యాష్‌కు 97 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. కాబట్టి టికెట్ కొనేముందే గోడకు నిలబెట్టి పిల్లల ఎత్తు కొలవాలి. అయిదేళ్ల బిడ్డ ఎక్కగలిగే రైడ్లు ఏ పార్కులో ఎక్కువో తెలిస్తే, ఏ పార్కుకు రెండు రోజులు కావాలో, దేనికి ఒకటి చాలో తేలుతుంది. చిన్నపిల్లలకు మేజిక్ కింగ్‌డమ్‌లో రెండో రోజు కూడా సరదాగానే గడుస్తుంది.

ఎత్తు చాలని పిల్లల దగ్గర ఒకరు ఉండిపోవాలి కాబట్టి తల్లో తండ్రో రైడ్ వదులుకోవాలనుకోవడమూ పొరపాటే. రైడర్ స్విచ్ అనే ఉచిత ఏర్పాటు ఉంది. ఒకరు ఎక్కి వచ్చాక, రెండోవారు మళ్లీ పూర్తి క్యూలో నిలబడకుండా ఎక్కవచ్చు.

అపోహ 5: పార్క్ హాపర్ తీసుకోకపోతే టికెట్ దండగ

వాస్తవం: మామూలు టికెట్‌తో రోజుకు ఒక పార్కుకే ప్రవేశం. అదనంగా డబ్బు కట్టి పార్క్ హాపర్ తీసుకుంటే ఒకే రోజు ఎన్ని పార్కులకైనా వెళ్లవచ్చు. కరోనా తర్వాత కొంతకాలం మధ్యాహ్నం 2 గంటలు దాటాకే రెండో పార్కులోకి రానిచ్చేవారు. ఏ పార్కుకు వెళ్తారో ముందే రిజర్వ్ కూడా చేసుకోవాల్సి వచ్చేది. 2024 జనవరి 9 నుంచి హాపర్‌కు వేళల నిబంధన తీసేశారు. తేదీతో కొన్న టికెట్లకు పార్కు రిజర్వేషన్ కూడా అక్కర్లేదు.

హాపర్ ఎంతవరకు పనికొస్తుందో దూరాలు చెబుతాయి. మేజిక్ కింగ్‌డమ్‌కు కారులో వెళ్లినవాళ్లు గేటు ముందే కారు ఆపలేరు. పార్కింగ్ నుంచి టికెట్ కేంద్రానికి చేరి, అక్కడి నుంచి మోనోరైల్‌లో గానీ, సరస్సు మీద ఫెర్రీలో గానీ వెళ్లాలి. యానిమల్ కింగ్‌డమ్ విడిగా ఉంటుంది, అక్కడికి మోనోరైల్ లేదు. స్ట్రోలర్ తోసుకుంటూ, పెద్దవాళ్లను నడిపించుకుంటూ పార్కు మారేసరికి గంట సులువుగా గడిచిపోతుంది. ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్ మధ్య మాత్రం 2019లో మొదలైన స్కైలైనర్ కేబుల్ కార్లున్నాయి. కాలిబాట కూడా ఉంది. రెండు, మూడు రోజుల్లోనే నాలుగు పార్కులూ చూడాలనుకునే పెద్ద పిల్లల కుటుంబానికి హాపర్ ఉపయోగపడుతుంది. నాలుగు, ఐదు రోజులు నింపాదిగా తిరిగేవాళ్లకు దాని అవసరం తక్కువ.

ఓర్లాండోలోనే ఉన్న యూనివర్సల్ సంగతి కాస్త వేరు. హ్యారీ పాటర్ అభిమానులు ఎదురుచూసే హాగ్వర్ట్స్ ఎక్స్‌ప్రెస్ రైలు ఒక పార్కులో ఎక్కిస్తుంది, పక్క పార్కులో దింపుతుంది. అందుకే రెండు పార్కులకూ ఒకే రోజు చెల్లే పార్క్ టు పార్క్ టికెట్ లేకపోతే ఆ రైలెక్కనివ్వరు.

అపోహ 6: టికెట్ ఉంటే లోపల అన్నీ వచ్చినట్టే

వాస్తవం: టికెట్‌తో ప్రవేశం, మామూలు క్యూలో దాదాపు అన్ని రైడ్లు, ప్రదర్శనలు వస్తాయి. క్యూ తగ్గించుకునే ఏర్పాటు ఒకప్పుడు ఫాస్ట్‌పాస్ పేరుతో ఉచితంగా ఉండేది. 2021 నుంచి దానికి డబ్బు కట్టాలి. 2024 జూలై నుంచి దాన్ని లైట్నింగ్ లేన్ మల్టీ పాస్, సింగిల్ పాస్ లాంటి పేర్లతో అమ్ముతున్నారు. ధర మనిషికి ఇంత చొప్పున, తేదీని బట్టి మారుతుంది. అది ప్రతి రోజూ, ప్రతి ఒక్కరికీ కొనాల్సిన పనిలేదు. రైడ్లు ఎక్కని అమ్మమ్మ, తాతయ్యలకు అక్కర్లేదు. గేటు తెరిచే వేళకే లోపల ఉండగలిగితే, రద్దీ లేని రోజుల్లో అది లేకుండానే చాలా రైడ్లు ఎక్కవచ్చు.

హాలోవీన్, క్రిస్మస్ కాలాల్లో కొన్ని రాత్రులు మేజిక్ కింగ్‌డమ్‌లో పార్టీలు జరుగుతాయి. వాటికి వేరే టికెట్ కావాలి. ఆ రోజుల్లో మామూలు టికెట్‌తో వచ్చినవాళ్లు సాయంత్రం 6 గంటలకల్లా బయటికి రావాలి, రాత్రి బాణసంచా చూడలేరు. మేజిక్ కింగ్‌డమ్‌కు ఒక్క రోజే కేటాయించిన కుటుంబం పార్టీ లేని రోజు చూసుకోవాలి.

తిండి విషయంలో కొంత ఊరట ఉంది. బయటి ఆహారం లోపలికి తీసుకెళ్లవచ్చు, గాజు పాత్రలు మాత్రం కుదరవు. పులిహోర డబ్బా, పెరుగన్నం డబ్బా సంచిలో పెట్టుకుంటే శాకాహారులైన పెద్దవాళ్లకు ఇబ్బంది ఉండదు, ఖర్చూ తగ్గుతుంది.

అపోహ 7: వేరేవాళ్లు మిగిల్చిన రోజులు చవకగా కొనుక్కోవచ్చు

వాస్తవం: టికెట్ ఒకరి పేరు మీద ఉంటుంది, మరొకరికి చెల్లదు. గేటు దగ్గర వేలు స్కాన్ చేసి మొదటిసారి వచ్చినవారే వచ్చారో లేదో చూస్తారు. కొంత వాడిన మల్టీ డే టికెట్‌ను అమ్మడం ఫ్లోరిడా చట్టం ప్రకారం నేరం కూడా. కొన్నవాళ్లకు గేటు దగ్గర నిరాశే మిగులుతుంది. స్నేహితుల కుటుంబం వాడగా మిగిలిన రోజుల్ని తీసుకోవడమూ కుదరదు. అధీకృత ఏజెంట్లు అమ్మే కొత్త టికెట్లు కొంచెం తక్కువకు దొరుకుతాయి, ఆ తగ్గింపు ఎప్పుడూ పరిమితంగానే ఉంటుంది. సగానికి సగం ధర అన్నచోట మోసమైనా ఉంటుంది, టైమ్‌షేర్ ఇల్లు కొనమని గంటల తరబడి కూర్చోబెట్టే షరతైనా ఉంటుంది.

అపోహ 8: డిస్నీ హోటల్‌తో కలిపి కొంటేనే టికెట్ చవక

వాస్తవం: హోటల్, టికెట్ విడివిడిగానూ కొనవచ్చు. కలిపి కొన్నంత మాత్రాన టికెట్ ధర తగ్గాలనేమీ లేదు. డిస్నీ హోటళ్లలో దిగినవారికి దక్కే లాభాలు వేరు: పార్కుల్లోకి అరగంట ముందు ప్రవేశం, థీమ్ పార్కుల దగ్గర ఉచిత పార్కింగ్, లైట్నింగ్ లేన్‌ను 7 రోజుల ముందే ఎంచుకునే వీలు. బయట ఉండేవాళ్లకు ఆ వీలు 3 రోజుల ముందు వస్తుంది. రెండు కుటుంబాలు కలిసి వెళ్తూ, పొద్దున్నే ఇడ్లీ, రాత్రి అన్నం చారు వండుకోవాలనుకుంటే, దగ్గర్లోని కిసిమీలో వంటగది ఉన్న అద్దె ఇల్లు బాగా కలిసొస్తుంది.

అపోహ 9: ఒకసారి కొంటే మార్చలేం, అందుకే ముందే ఎక్కువ రోజులు కొనాలి

వాస్తవం: గడువు ముగిసేలోపు తేడా సొమ్ము కట్టి టికెట్‌కు రోజులు చేర్చుకోవచ్చు, హాపర్ కూడా కలుపుకోవచ్చు. తగ్గించుకోవడం మాత్రం కుదరదు. కాబట్టి నాలుగా, ఐదా అన్న అనుమానం ఉన్నప్పుడు నాలుగే కొనడం తెలివైన పని.

ఎంపికకు ఒక వరుస పాటిస్తే ఈ పొరపాట్లు చాలావరకు తప్పుతాయి. ముందు అందరి వయసులు, పిల్లల ఎత్తు, పెద్దవాళ్ల ఓపిక చూడాలి. దాన్ని బట్టి ఏ పార్కుకు ఎన్ని రోజులో, మధ్యలో విశ్రాంతి ఎప్పుడో నిర్ణయించాలి. ఆ తర్వాత తేదీలు జరిపి ధర చూడాలి. టికెట్ కొనేది అప్పుడే. హాపర్, లైట్నింగ్ లేన్ లాంటివి చివర, నిజంగా అవసరమైతేనే.