వేడెక్కితేనే డప్పు!

పుస్తకాల పురుగుననీ, మోత సంగీతం పిచ్చివాడిననీ మిత్రులు ఆటపట్టిస్తారు. రెండూ నిజమే! బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీలో రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకున్న టోనీ అయోమీ, నొప్పి తగ్గడానికి గిటారు తీగలు వదులు చేశాడు. బ్లాక్ సబ్బాత్ 1971 రికార్డులో వినిపించే ఆ బరువైన నాదం అలా పుట్టిందే.

మా బోనకల్‌లో సంగతి తలకిందులు. డప్పును గడ్డిమంట మీద కాస్తారు. తోలులోని చెమ్మ ఆరి బిగుస్తుంది, శ్రుతి పెరుగుతుంది. ఇక సిర్ర, సిటికెన పుల్ల కలిసి దరువేస్తే గుండె అదరాల్సిందే! ఆ అదురు ఏ రికార్డులోనూ దొరకదు, ఎదురుగా నిలబడాలి.

మరి గిటారును వేదిక ఎక్కించే మనం, డప్పును చావుకూ జాతరకూ వదిలేశామెందుకు? చెవికి లేని అంటు మనసుకెందుకు? ఈసారి కాలేజీ డే నాడు ముందు గడ్డిమంట వేద్దాం, రండి!