ఆంగ్లక్రియలు – వాని నామములు

ఇంగ్లీషు వ్యాకరణమును బిడ్డలకు బోధించుట తమవలన గాదని పెక్కుమంది తల్లులు వెనుదీయుచుందురు. ఈ భయము నిష్కారణము. తెలుగు వ్యాకరణము కొంచెమెఱిగిన గృహిణికి ఆంగ్లక్రియలకును, వానినుండి పుట్టు నామములకును గల సంబంధము సులభముగనే బోధపడును.

మన భాషలో "కోయు" ధాతువునకు "ట" చేర్చిన "కోయుట" యగును. ఈ "ట" యించుమించుగా నెల్ల ధాతువులకును జేరును. "కోత" యట్టిది గాదు. అందలి "త" యన్నిట రాదు. "నడచు"నకు నడక, "పాడు"నకు పాట, "కూర్చు"నకు కూర్పు – ఒక్కొక్కదాని కొక్కొక్క తీరు. 1858లో వెలువడిన చిన్నయసూరిగారి బాలవ్యాకరణమున కృదంత పరిచ్ఛేద మిట్టి రూపములను వివరించును.

ఇంగ్లీషునందు మన "ట"కు బదులు "ఇంగ్" కలదు. కెన్, మస్ట్ వంటి సహాయక్రియలకు దక్క, తక్కిన క్రియల కన్నిటికి నిది చేరును. కోత, నడకలవంటి నామములు మాత్రము వేర్వేఱు: ఎరైవ్ – ఎరైవల్, పే – పేమెంట్, డిసైడ్ – డెసిషన్, గ్రో – గ్రోత్. పేయింగ్ అనగా చెల్లించుట. పేమెంట్ అనగా చెల్లింపు, చెల్లించిన సొమ్ము గూడ.

ఇన్ని తీరులేల? 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచి పదములును, వానితోపాటు లాటిను పదములును ఆ భాషలో విస్తారముగ జేరినవి. మనకు పాట దేశ్యమై, గానము సంస్కృతమైనట్లే, వారికి గ్రోత్ సొంతము. పేమెంట్, డెసిషన్ తెచ్చుకొన్నవి.

కొన్ని జంటలలో కడపటి ధ్వని మాత్రమే మాఱును. బిలీవ్ క్రియ, బిలీఫ్ నామము. అడ్వైజ్ క్రియ, అడ్వైస్ నామము. వ్రాతలో మొదటిదానికి "ఎస్", రెండవదానికి "సి". ఉత్తరములలో నీ రెండును దఱచుగా తాఱుమాఱగుచుండును. మఱియు మనము రెండు సలహాలు, మూడు సలహాలు అని లెక్కించినట్లు అడ్వైస్‌ను లెక్కింపరాదు. "ఎ పీస్ ఆఫ్ అడ్వైస్" అనవలయును.

కావున సోదరీమణులారా! బిడ్డచేత కాగితముపై మూడు వరుసలు గీయింపుడు. మొదట క్రియ, పిదప "ఇంగ్" రూపము, తుదను నామము. దినమునకైదు చాలును. ప్రతిదానికి తెలుగున చెల్లించు, చెల్లించుట, చెల్లింపు అని చెప్పింపుడు. అర్థము తెలుగున కుదిరినచో ఇంగ్లీషురూపము మనసున నిలుచును. ఆ తెలుగు చెప్పుటకు తల్లికంటె దగినవారెవరు?