అయోడిన్ పడనివారు థైరాయిడ్ మాత్ర మానవలసిందేనా?

‘అయోడిన్ పడదు’ అన్న మాట ఆసుపత్రి కాగితాల్లో ఒకసారి నమోదైతే చాలాకాలం రోగి వెంటే ఉంటుంది. సీటీ స్కాన్ సమయంలో ఎక్కించిన మందుకు ఒంటిపై దద్దుర్లు లేచినవారు, గాయానికి పూసిన గోధుమరంగు మందుకు చర్మం కందినవారు, రొయ్యలు తింటే పెదవులు వాచేవారు అందరూ ఈ ఒక్క మాట కిందికే వస్తుంటారు. వీరిలో ఎవరికైనా తరువాతి కాలంలో థైరాయిడ్ లోపం బయటపడి, వైద్యుడు లెవోథైరాక్సిన్ మాత్ర రాసినప్పుడు సందేహం కలగడం సహజం. ఆ మాత్రలోనూ అయోడిన్ ఉంటుంది కదా, దానిని వాడవచ్చునా? సందేహంలో తప్పులేదు. వైద్యుణ్ణి అడగకుండా మాత్ర మానివేయడమే అసలు ప్రమాదం.

పేరు ఒకటే, కారణాలు వేరు

అయోడిన్ శరీరానికి తప్పనిసరిగా అవసరమైన మూలకం. థైరాయిడ్ గ్రంథి దానిని రక్తం నుంచి గ్రహించి హార్మోన్లను తయారుచేస్తుంది. పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ప్రతి మనిషి రక్తంలోనూ ఉండే ఈ మూలకానికే అలర్జీ కలుగుతుందన్న భావనకు శాస్త్రీయ ఆధారం లేదు.

మరి ఆ దద్దుర్లు, వాపులు ఎందుకు వస్తాయి? రొయ్యలు, పీతలు పడకపోవడానికి ప్రధాన కారణం వాటిలోని ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్. స్కాన్ మందు విషయంలో ఆ మందు అణువు మొత్తానికి ఉన్న రసాయన స్వభావం ప్రతిచర్యకు దారితీస్తుంది. గాయాలకు పూసే పొవిడోన్ అయోడిన్ వల్ల కలిగే బాధ ఎక్కువగా చర్మంపై మంట, రాపిడి వంటిదే. అరుదుగా అందులోని పొవిడోన్ అలర్జీ కలిగిస్తుంది. అందుచేత ‘అయోడిన్ పడదు’ అని రాయించుకోవడం కంటే, ఏ మందు వాడినప్పుడు ఏ లక్షణం కనిపించిందో స్పష్టంగా నమోదు చేయించుకోవడం మేలు.

మాత్రలో ఉన్నది ఎంత?

లెవోథైరాక్సిన్ అణువు, థైరాయిడ్ గ్రంథి స్వయంగా తయారుచేసే టీ4 హార్మోన్‌తో అన్ని విధాలా సమానం. ఒక్కో అణువులో నాలుగు అయోడిన్ పరమాణువులుంటాయి. 100 మైక్రోగ్రాముల మాత్రలో అయోడిన్ సుమారు 65 మైక్రోగ్రాములు. మన దేశంలో దుకాణంలో అమ్మే అయోడైజ్డ్ ఉప్పులో గ్రాముకు కనీసం 15 మైక్రోగ్రాముల అయోడిన్ ఉండాలన్నది నిబంధన. ఆ లెక్కన ఐదు గ్రాముల ఉప్పులో ఉండేది కనీసం 75 మైక్రోగ్రాములు. వంటలో కొంత పోయినా, రెండూ ఇంచుమించు ఒకే కొలతలో ఉన్నట్లే. రోజూ ఆ ఉప్పుతో వండిన కూర, చారు ఇబ్బంది లేకుండా తింటున్నవారు మాత్రలోని అయోడిన్‌కు భయపడనవసరం లేదు.

ఉప్పులో అయోడిన్ కలపడం వెనుక ఒక తెలుగు శాస్త్రవేత్త కృషి ఉంది. శ్రీకాకుళంలో జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, ఆయన సహచరులు 1956లో కాంగ్రా లోయలో ప్రారంభించిన అధ్యయనం, అయోడిన్ కలిపిన ఉప్పుతో గళగండ వ్యాధి తగ్గుతుందని నిరూపించింది. 1962లో మొదలైన జాతీయ గళగండ నియంత్రణ కార్యక్రమానికి అదే పునాది.

అయితే మాత్ర వేసుకున్న తరువాత కొందరికి నిజంగానే దద్దుర్లు రావచ్చు. అటువంటి అరుదైన సందర్భాల్లో అనుమానించవలసినది మాత్రకు వేసిన రంగును, లాక్టోజ్ వంటి ఇతర పదార్థాలను. ఆ పదార్థాలు లేని మరో తయారీకి వైద్యుడు మార్చగలరు. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మానితే ఏమవుతుంది?

ఈ హార్మోన్ శరీరంలో సగానికి తగ్గడానికి సుమారు ఏడు రోజులు పడుతుంది. అందువల్ల మాత్ర మానిన మొదటి రోజుల్లో తేడా తెలియదు. ‘మానినా ఏమీ కాలేదు’ అన్న ధీమా అక్కడే పుడుతుంది. వారాలు గడిచేకొద్దీ నీరసం, చలికి తాళలేకపోవడం, మలబద్ధకం, బరువు పెరగడం, ముఖం ఉబ్బడం, మందకొడితనం ఒక్కొక్కటిగా వచ్చి చేరుతాయి. లోపం తీవ్రమైతే స్పృహ తప్పి ప్రాణాపాయం కలగవచ్చు. గర్భిణుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తొలి నెలల్లో గర్భస్థ శిశువు మెదడు ఎదుగుదల తల్లి హార్మోన్‌పైనే ఆధారపడి ఉంటుంది.

అయోడిన్‌ను లెక్కించవలసిన సందర్భాలు

థైరాయిడ్ క్యాన్సర్‌కు రేడియోధార్మిక అయోడిన్ చికిత్స చేసే ముందు, కొద్దిరోజులు అయోడిన్ తక్కువగా ఉండే ఆహారం తీసుకోవాలని వైద్యులు చెబుతారు. కొందరికి మాత్రనూ తాత్కాలికంగా ఆపించవచ్చు. అది వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి. సముద్రపు నాచుతో చేసిన పోషకాల మాత్రలు, గుండె లయ సరిచేసే అమియోడరోన్ మందు శరీరానికి అధిక మోతాదులో అయోడిన్ అందిస్తాయి. దీనివల్ల గ్రంథి పనితీరు దెబ్బతినే అవకాశం ఉంది. అయినా ఇది అలర్జీ కాదు, మోతాదుకు సంబంధించిన సమస్య.

మాత్ర వాడేవారు ఉదయం పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కనీసం అరగంట తరువాతే కాఫీ, అల్పాహారం తీసుకోవాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల వ్యవధి ఇవ్వాలి. మోతాదు గాని, తయారీ గాని మారినప్పుడు ఆరు నుంచి ఎనిమిది వారాల తరువాత టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోవాలి. గతంలో ఏ మందు పడలేదో వైద్యునికి, మందుల దుకాణంలోని ఫార్మసిస్టుకు ముందుగానే చెప్పాలి. వారు సలహా ఇచ్చేవరకు మాత్రను కొనసాగించడమే క్షేమం.