గట్టి పొట్ట, లోపలి కొవ్వు

"పొట్ట ఉంది గానీ కొవ్వు కాదండీ, చూడండి ఎంత గట్టిగా ఉందో" అని తట్టి మరీ చూపించేవాళ్లున్నారు. అసలు అనుమానించాల్సింది ఆ గట్టి పొట్టనే. రెండు వేళ్ల మధ్య మడతలా చిక్కేది చర్మం కింది కొవ్వు. కడుపు కండరాల వెనక, పేగుల చుట్టూ పేరుకునేది వేరు. డాక్టర్లు దాన్ని విసెరల్ ఫ్యాట్ అంటారు. అది లోపలి నుంచి నెట్టడం వల్ల పొట్ట బిర్రుగా ఉంటుంది, చేతికి మాత్రం కొవ్వు దొరకదు.

రెండిటికీ తేడా ఎంతో 2004లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం చూపించింది. స్థూలకాయంతో ఉన్న 15 మంది మహిళలకు లైపోసక్షన్ చేసి, ఒక్కొక్కరి నుంచి దాదాపు 10 కిలోల కొవ్వు తీశారు. నడుము తగ్గింది. రెండు మూడు నెలల తర్వాత పరీక్షిస్తే బీపీ, కొలెస్ట్రాల్, ఇన్సులిన్ పనితీరు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. తీసిందంతా చర్మం కిందిది మరి. లోపలిది కదల్లేదు.

లోపలి కొవ్వు అంత చేటు ఎందుకు చేస్తుంది? పేగుల దగ్గరి రక్తం పోర్టల్ సిర గుండా నేరుగా కాలేయానికే వెళ్తుంది. అక్కడి కొవ్వు కరిగి విడుదలైన ఫ్యాటీ ఆమ్లాలు కూడా అదే దారిలో పోతాయి. వాటి తాకిడికి కాలేయంలో కొవ్వు చేరుతుంది, ఇన్సులిన్ మాట చెల్లదు. అవసరం లేకపోయినా కాలేయం రక్తంలోకి చక్కెర వదులుతూనే ఉంటుంది. ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది. పైగా ఈ కొవ్వు వాపును పెంచే రసాయనాలనూ విడుదల చేస్తుంది, రక్తనాళాలకు అదో దెబ్బ. షుగరు, బీపీ, ఫ్యాటీ లివర్, గుండెజబ్బు ఒకే మనిషిలో జట్టుగా కనిపించడం వెనక ఉన్న కథలో పెద్ద భాగం ఇదే.

మన భారతీయుల శరీరాల తీరు వేరు కాబట్టి మనం ఇంకాస్త జాగ్రత్త పడాలి. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటిష్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ ఒంటి లెక్కలనే 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో పక్కపక్కన పెట్టి చూపించారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! "సన్నగానే ఉన్నాగా" అనే ధీమా మనకు పనికిరాదన్నమాట.

కాబట్టి బరువు చూసే మెషీన్ కన్నా టైలరు టేపు నయం. ప్యాంటు సైజును నమ్మకండి, మగవాళ్లు చాలామంది బొజ్జ కిందే బెల్టు బిగిస్తారు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక, పొట్ట లోపలికి లాక్కోకుండా కొలవాలి. దక్షిణాసియా వారిలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 హద్దు. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్లలో కొవ్వు తొడల నుంచి పొట్ట వైపు మళ్లుతుంది, ఆ వయసులో కొలత తప్పనిసరి.

లోపలి కొవ్వును తగ్గించడానికి ప్రత్యేకమైన పొట్ట వ్యాయామాలంటూ లేవు. సిటప్‌లతో పొట్ట కండ బలపడుతుంది గానీ దాని వెనకున్న కొవ్వు పోదు. చెమట పట్టే నడక, కంచంలో అన్నం తగ్గించి పప్పూ కూరా పెంచడం, మద్యం మానడం, కంటినిండా నిద్ర — వీటికి ఆ కొవ్వు బాగానే లొంగుతుంది. బరువు కొద్దిగా తగ్గినా లోపలిది అంతకన్నా ఎక్కువ పాళ్లలో తరుగుతుంది. నడుము హద్దు దాటి ఉంటే, బరువు ఎంతున్నా సరే, ఈ నెలలోనే పరగడుపు షుగరు, లిపిడ్ ప్రొఫైల్, బీపీ చూపించుకోండి.