కారులో ఆంప్లిఫయరా? ముందు ఫ్యూజు, తర్వాతే వాట్లు!

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి చిక్కడపల్లి మెయిన్‌రోడ్డు మీదుగా నారాయణగూడ చేరేలోపు, ట్రాఫిక్ పుణ్యమా అని నాలుగు పాటలైనా వినేయొచ్చు. పైగా త్యాగరాయ గానసభ ఉన్న పేట మాది. ఇక్కడివాళ్ల చెవులు ఏదో ఒక సౌండుతో సర్దుకుపోయే రకం కాదు. అందుకే కొత్త కారు కొన్న నాలుగు నెలలకే చాలామందికి ఒకటే సందేహం: కంపెనీ స్టీరియో అలాగే ఉంచి, బయట కొన్న ఆంప్లిఫయర్ కలపొచ్చా?

నిక్షేపంగా కలపొచ్చు. కాకపోతే ఎలా కలుపుతున్నారన్నదే ముఖ్యం.

స్టీరియో మార్చడం ఎందుకు కష్టం?

ఇప్పటి కార్లలో స్టీరియో అంటే పాటల పెట్టె ఒక్కటే కాదు. రివర్స్ కెమెరా, స్టీరింగ్ మీది బటన్లు, కొన్నిట్లో ఏసీ సెట్టింగులు కూడా ఆ తెరతోనే ముడిపడి ఉంటాయి. దాన్ని పీకేస్తే ఇవన్నీ ఇబ్బంది పెడతాయి.

అలాగని దాని శక్తి చాలదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారులో ఉండేది దాదాపు 14 వోల్టులు. ఆ వోల్టేజీతో 4 ఓమ్‌ల స్పీకర్‌కి శుభ్రంగా అందేది 15 నుంచి 20 వాట్లే. పెట్టె మీద ‘50 వాట్లు’ అని ఉన్నా, అది పాట బొంగురుపోయాక వచ్చే లెక్క. ఆంప్లిఫయర్ తన లోపల వోల్టేజీని పెంచుకుంటుంది కాబట్టే ఎక్కువ శక్తి ఇవ్వగలుగుతుంది.

సిగ్నల్ ఎక్కణ్నుంచి?

కంపెనీ స్టీరియోలకి వెనక ఆర్‌సీఏ సాకెట్లు సాధారణంగా ఉండవు. అందుకని స్పీకర్ వైర్ల నుంచే సిగ్నల్ తీసుకోవాలి. ‘హై లెవెల్ ఇన్‌పుట్’ ఉన్న ఆంప్లిఫయర్ అయితే నేరుగా కలిపేయొచ్చు. లేకపోతే మధ్యలో లైన్ అవుట్‌పుట్ కన్వర్టర్ పెట్టాలి.

ఒక్క జాగ్రత్త. స్పీకర్‌కి వెళ్లే రెండు వైర్లలోనూ సిగ్నల్ ఉంటుంది. ‘మైనస్సే కదా’ అని ఒకదాన్ని కారు బాడీకి తగిలిస్తే స్టీరియోలోని ఐసీ కాలిపోవచ్చు. వైర్లు కోయకుండా, మీ మోడల్‌కి సరిపోయే కప్లర్ హార్నెస్ అడగండి. కంపెనీ వైరింగ్ కోస్తే వారంటీతో పేచీ వస్తుంది. పసుపు రంగు తొడుగులో ఉండే ఎయిర్‌బ్యాగ్ వైర్ల జోలికి మాత్రం అస్సలు వెళ్లనివ్వకండి.

అసలు ప్రమాదం ఇక్కడే

మా అపార్ట్‌మెంట్‌లో ఒక అంకుల్ ఈమధ్య పిలిచి, “చూడు బాబూ, షాపువాడు ఐదొందల వాట్లంటున్నాడు, వైరేమో మన టేబుల్ ఫ్యాన్ వైరంత ఉంది” అన్నారు. బానెట్ ఎత్తి చూస్తే ఆ సన్న వైరు బ్యాటరీ నుంచి ఫ్యూజు లేకుండా నేరుగా లోపలికి వెళ్లిపోతోంది. వెంటనే ఊడదీయించాం.

ఫ్యూజు ఉండేది ఆంప్లిఫయర్‌ని కాపాడ్డానికే అనుకుంటారు చాలామంది. బ్యాటరీ దగ్గర పెట్టే ఫ్యూజు కాపాడేది వైరుని. ఇనప రేకుకి రాసుకుని పైతొడుగు చిరిగిందా, బ్యాటరీ వందల ఆంపియర్లు ఆ వైరులోకి కుమ్మరిస్తుంది. వైరు ఎర్రగా కాలి మంట అంటుకోవడానికి ఎంతో సేపు పట్టదు. అందుకే ఫ్యూజు బ్యాటరీకి అడుగున్నర లోపే ఉండాలి. వైరు లోపలికి దూరేచోట రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి.

వైరు మందం లెక్క కూడా తేలికే. నాలుగు స్పీకర్లకి 50 వాట్ల చొప్పున 200 వాట్లు. 80 శాతం సామర్థ్యంతో పనిచేసే ఆంప్లిఫయర్ అయితే తీసుకునేది 250 వాట్లు, అంటే దాదాపు 18 ఆంపియర్లు. దీనికి 8 గేజ్ అసలు రాగి వైరు, 30 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతాయి. అల్యూమినియం మీద రాగిపూత వేసిన వైరు చవగ్గా దొరుకుతుంది కానీ, అంతే కరెంటుకి ఇంకా లావుది కావాలి. ఎర్త్ వైరు పొట్టిగా ఉండాలి, పెయింటు గీకి బాడీకి గట్టిగా బిగించాలి. సీటుబెల్టు బోల్టుకి మాత్రం వద్దు.

ఎంత సౌండు చాలు?

గెయిన్ అంటే వాల్యూమ్ బటన్ కాదు. గెయిన్ పూర్తిగా తగ్గించి, స్టీరియోని ముప్పావు వాల్యూమ్‌లో ఉంచండి. అప్పుడు గెయిన్‌ని మెల్లగా పెంచుతూ, గొంతు చీరుకుపోతున్నట్టు అనిపించగానే కాస్త వెనక్కి తిప్పండి. అక్కడితో సరి.

మా పక్కనే అశోక్‌నగర్. సిటీ సెంట్రల్ లైబ్రరీ చుట్టూ గ్రూప్స్‌కి చదువుకునే పిల్లలు రాత్రి పొద్దుపోయేదాకా పుస్తకాలతోనే ఉంటారు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు పరిమితి 45 డెసిబెల్స్. మంచి ఆంప్లిఫయర్ గొప్పతనం తక్కువ సౌండులోనే వీణ తీగ విడిగా వినిపించడంలో ఉంది. వీధంతా వినిపించనక్కర్లేదు.

షాపులో డబ్బులిచ్చే ముందు బానెట్ తెరిపించండి. బ్యాటరీ పక్కన ఫ్యూజు కనిపిస్తేనే పర్సు తీయండి.